తోమకూడని దీపం

రసూల్ బీ చేతికి మసిపట్టిన గిన్నె ఇచ్చి, "కొంచెం తోమి పెట్టమ్మా" అన్నవాళ్ళకి ఆ పూట మూడినట్టే. "కొంచెమేటి? తోమడంలో కొంచెం, బోలెడు అని రెండుంటాయేటి? తోమితే తోమినట్టుండాల. కొంచెం సాలనుకుంటే మీ ఇంట్లోనే తోముకోండి" అని గిన్నె తిరిగి వాళ్ళ చేతిలోనే పెట్టేసేది. వాళ్ళు కాసేపు నీళ్ళు నమిలి, "సరేలేమ్మా, నీ ఇష్టం" అనేదాకా పుచ్చుకునేది కాదు. అంత నోరున్నా ఆ సందుకి జనం రావడం మానలేదంటే పనితనం అలాంటిది మరి.

ఆ సందు వన్ టౌన్‌లో, కురుపాం మార్కెట్టు వెనకాల. ఆమె భర్త ఖాదర్ కళాయి దుకాణం అంటే పాతకాలం వాళ్ళందరికీ తెలుసు. నేలలో గొయ్యి తీసిన కొలిమి, దాని పక్కన తోలుతిత్తి, అంతే దుకాణం. ఖాదర్ రాగిగిన్నెను నిప్పుల మీద తిప్పి తిప్పి వేడెక్కించి, నవాసారం పొడి చల్లి, తగరం ముక్క తాకించి, దూది ఉండతో గిర్రున ఒక చుట్టు చుట్టేవాడు. గిన్నె లోపల అద్దంలా అయిపోయేది. గిన్నెలు ముందుగా తోమి ఇవ్వడం, తిత్తి ఊదడం రసూల్ బీ పని. ఆ నవాసారం పొగే చివరికి ఖాదర్ ఊపిరితిత్తుల్ని తినేసింది. డెబ్బై నాలుగులో ఆయన పోతే, కొలిమి పూడ్చెయ్యమని చుట్టాలందరూ సలహాలిచ్చారు. ఆడమనిషి కళాయి పెట్టడమేమిటని ముక్కున వేలేసుకున్నారు.

"ఇన్నాళ్ళూ ఈ తిత్తి ఊదిందెవులనుకున్నారు, మీ తాతా?" అని అడిగింది రసూల్ బీ. మర్నాడు పొద్దున్నే కొలిమి రాజేసింది. సలహాలిచ్చిన చుట్టాలే నెల తిరక్కుండా బిర్యానీ డేగిసాలు మోసుకొచ్చి ఆమె ముందు పెట్టారు. "ఏటి, ఆడమనిషి కళాయిలో బిర్యానీ ఉడుకుతాదేటి?" అని ఒక్కొక్కళ్ళనీ పేరుపేరునా దెప్పి మరీ పనిచేసి ఇచ్చింది.

ఆ దుకాణంలో గోడకి ఆనించి ఒక ఇత్తడి తాంబాళం ఉండేది. పెళ్ళయిన కొత్తలో ఖాదర్ తన చేత్తో కొట్టి, అంచు మీద ఉలితో చుక్కలు చుక్కలుగా ఆమె పేరు తెలుగులో చెక్కి ఇచ్చాడు. రసూల్ బీ బడి మొహం చూసినది కాదు. లోకంలో ఆమెకి చదవడం వచ్చిన అక్షరాలు ఆ నాలుగే. ఊళ్ళోవాళ్ళ సామాన్లన్నీ చింతపండేసి బరబరా తోమే మనిషి, ఆ తాంబాళానికి మాత్రం చింతపండు తగలనిచ్చేది కాదు. చుక్కలు అరిగిపోతాయని భయం. శుక్రవారం శుక్రవారం మెత్తటి పాతచీర ముక్కతో ఒత్తి పెట్టేది.

ఈలోగా ఊళ్ళోకి స్టీలు సామాన్లు దిగాయి. కళాయి అక్కర్లేదు, తోమడం అక్కర్లేదు, బూడిదతో ఓసారి రాస్తే చాలు. రాగిగిన్నెలు ఒక్కొక్కటే అటకెక్కాయి. "ఆ స్టీలూ ఒక లోహమేటి? దానికి పచ్చా లేదు, ఎరుపూ లేదు, ముసలోడి మొహంలాగ" అని రసూల్ బీ తిట్టని రోజు లేదు. తిడితే పొట్ట నిండదు కదా. అందుకని చర్చీల కొవ్వొత్తి స్టాండ్లు, గుళ్ళో దీపాలు, ఓడల మీంచి దిగి పోర్టు బయట అమ్మకానికొచ్చే ఇత్తడి లాంతర్లు, ఏవి దొరికితే అవి తోమసాగింది. మెరుగు పెట్టడంలో ఆమెని మించినవాళ్ళు లేరని కొద్ది రోజుల్లోనే పేరొచ్చింది. ఆమె అందరికంటే ముందే నమ్మింది ఆ మాట.

ఆ పేరు వినే ఎనభైల మొదట్లో ఒకరోజు పోతమ్మ వచ్చింది, నెత్తిన గోనెసంచితో. గాజువాక అవతల ఉక్కు ఫ్యాక్టరీకని తీసుకున్న ఊళ్ళలో ఆమెది ఒకటి. ఇళ్ళు పోయాయి, జీడితోట పోయింది, మరిడమ్మ గుడీ పోయింది. జనమంతా గాజువాక పక్కన కొత్త కాలనీలో పడ్డారు. పోతమ్మ మామగారు ఆ మరిడమ్మకి పూజారి. జపానువాళ్ళు బాంబులేసిన ఏడాది ఊరు ఊరంతా భయపడి పారిపోతూంటే, ఆ ముసలాయన అమ్మవారి కంచు దీపపు సెమ్మెలు రెండూ కుండలో పెట్టి ఎక్కడో పాతిపెట్టాడు. పాతిన చోటు ఎవరికీ చెప్పకుండానే జ్వరమొచ్చి పోయాడు. నలభై ఏళ్ళు ఊరంతా వెతుకుతూనే ఉంది. చివరికి గుడి దిబ్బ చదును చేస్తున్న యంత్రం పళ్ళకి ఆ కుండ తగిలింది. పోతమ్మ మరిది పోలిరాజు ఆ సమయానికి అక్కడే మట్టి మోస్తున్నాడు కాబట్టి సరిపోయింది.

పోతమ్మ సంచి విప్పింది. మోచేతి పొడవు సెమ్మెలు, రెండిటికీ కొసన హంసలు. హంసలని పోతమ్మ చెప్పబట్టి తెలిసింది. మట్టీ చిలుమూ కలిసి పెంకులా కట్టేసి, చూడ్డానికి ఎండిపోయిన కందదుంపల్లా ఉన్నాయి.

"ఊరు మొత్తానికి ఇయ్యే మిగిలినాయమ్మా. పండగ ఎనిమిది రోజుల్లోకి వచ్చీసినాది. కొత్త గుడికాడ ఎలిగించాల. మెరుస్తాయేటి?" అంది పోతమ్మ.

"మెరుస్తాయేటా?" రసూల్ బీ నవ్వింది. "నీ మొహం సూసుకుని బొట్టెట్టుకోవచ్చు. ఒకటి ఇప్పుడు సేస్తాను, పండక్కి సాలు. ఆ రెండోదానికి పెంకు బాగా ముదిరిపోనాది, తీరుబడిగా సూద్దాం, తీసుకుపో."

మొదటిదాన్ని ఆమె ఎప్పుడూ చేసేలాగే చేసింది. నీళ్ళు కలిపిన యాసిడ్‌లో ముంచింది. బుసబుసమని పొంగి పెంకంతా ఊడిపోయింది. తరవాత చింతపండు, ఇటికపొడి, బూడిద, ఆఖరికి బొంతగుడ్డ. బంగారమంటే నమ్మేలా వచ్చింది. పండగనాడు కాలనీలో ఆ దీపం చూసి ముసలమ్మలు బొటబొటా కన్నీళ్ళు కార్చారని పోతమ్మ స్వయంగా వచ్చి చెప్పింది. వస్తూ వస్తూ జీడిపప్పు తెచ్చింది. రసూల్ బీ ఆ జీడిపప్పు సందంతా పంచిపెట్టి, ఆ కథ కూడా సందంతా పంచిపెట్టింది.

వానలు పట్టాయి. వానలు పట్టిన పక్షం రోజులకి పోతమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి మొహంలో నెత్తురు చుక్క లేదు. కొంగు కింద నుంచి సెమ్మె తీసి గట్టుమీద పెట్టింది. దానినిండా లేత ఆకుపచ్చటి పొక్కులు. వేలు పెడితే పిండిలా రాలుతున్నాయి.

"పిల్లలు ఉప్పునీళ్ళు పోసీసుంటారు" అని రసూల్ బీ దబాయించింది. మళ్ళీ యాసిడ్, మళ్ళీ చింతపండు, మళ్ళీ బంగారం. వారం తిరక్కుండా పోతమ్మ మళ్ళీ ప్రత్యక్షం. ఈసారి పొక్కులు లోపలికి తినేశాయి. హంస తల విడిగా గుడ్డలో మూటకట్టి తెచ్చింది.

"అమ్మోరి దీపానికి అమ్మోరే పోసినట్టుంది గదమ్మా" అంది పోతమ్మ. "ఊరొదిలొచ్చీసినామని కోపమొచ్చీసినాదంటన్నారు. మా పోలిరాజైతే రెండోదాన్ని కూడా సముద్రంలో కలిపీమంటన్నాడు. వచ్చే అమాసకి అందరూ కలిసి యారాడ ఒడ్డుకి ఎల్తామంటన్నారు. అది కూడా పోతే మాకింక ఊరన్న మాటే నేదు."

రసూల్ బీకి తల కొట్టేసినట్టయింది. ముప్పై ఏళ్ళ బట్టి తోముతోంది. ఆమె తోమిన వస్తువు వెనక్కి రావడం ఇదే మొదలు. కోపం ఎవరిమీద చూపించాలో తెలియక తిత్తిని కాలితో ఒక తన్ను తన్నింది. తన్నింతరవాత కూర్చుని, ఆ హంస తల అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. విరిగినచోట కంచు గుల్లగా ఉంది, చెదపట్టిన కర్రలాగ.

"అమాసకి ఇంకా టైముంది. నాతో రా" అని లేచింది.

ఊళ్ళో ఒక కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబు చూసుకునే కృపాకర్ ఆమెకి తెలుసు. ఆయన చర్చి కొవ్వొత్తి స్టాండ్లు క్రిస్మస్‌కి ముందు ఆమె దగ్గరికే వస్తాయి. అంతకుముందు ఎక్కడో మ్యూజియంలో పాత వస్తువుల్ని బాగుచేసే పని చేశాడని ఆయన భార్య పుష్పకుమారి ఒకసారి చెప్పింది. అప్పుడు రసూల్ బీ, "గవర్నమెంటోళ్ళు తోమడానికి కూడా జీతాలిస్తారేటి!" అని నవ్వింది. ఇప్పుడు ఆ ఇంటి మెట్లే ఎక్కాల్సి వచ్చింది.

కథంతా విని కృపాకర్ సెమ్మెను వేళ్ళతో కాదు, గుడ్డతో పట్టుకుని కిటికీ దగ్గర అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీన్ని దేంతో కడిగారమ్మా?"

"యాసిడ్‌తోటి. నాను అన్నిటికీ అదే."

ఆయన సెమ్మెను బల్లమీద పెట్టాడు. మెల్లిగా చెప్పాడు. "మీరు ఇంటి గిన్నెను తోమినట్టు తోమారు. ఇంటి గిన్నె మట్టిలో నలభై ఏళ్ళు పడుకోలేదు కదా. ఆ ఊరు సముద్రం పక్కన. మట్టిలో ఉప్పు కంచు లోపలికి దిగిపోయి ఉంటుంది. పైనున్న పచ్చపొర దానికి తోలులాంటిది. ఆ తోలు ఒలిచేసి, యాసిడ్ పోసి, లోపలి ఉప్పుని నిద్రలేపారు. వానాకాలం తడి తగిలేసరికి అది తినడం మొదలుపెట్టింది."

"అంటే నానే సంపీసినానేటి దీన్ని?" అంది రసూల్ బీ. ఆమె గొంతు అంత చిన్నగా పలకడం పోతమ్మ అప్పుడే విన్నది.

"తెలియక చేశారు. దీన్ని ఇంక బాగుచెయ్యలేం. రెండోదాన్ని ముట్టుకున్నారా?"

"నేదు."

"అయితే అది దక్కుతుంది. దక్కవచ్చు" అని సవరించుకున్నాడు కృపాకర్. "కానీ నెలలు పడుతుంది. మెరవదు కూడా. నల్లపచ్చగా ఉంటుంది, అంతే. మెరిపిద్దామని చూశారో, ఇదే గతి."

బస్సు కాంప్లెక్స్ దగ్గర పోతమ్మ గాజువాక బస్సు ఎక్కబోతూ ఆగిపోయింది. "అక్కా, నీ సేతికి ఒకటిచ్చీసినాను, అది పోనాది. రెండోది ఏ ధైర్నంతోటి ఇమ్మంటావు, నువ్వే సెప్పు" అంది. అందులో కోపం లేదు. నిజంగానే అడుగుతోంది.

రసూల్ బీ ఎన్నడూ ఎరగని పని చేసింది. దబాయించకుండా జవాబిచ్చింది. "ఎందుకు పోనాదో ఇప్పుడు తెలిసినాది. ఎందుకు పోనాదో తెలిసిన సెయ్యి ఇది ఒక్కటే. నాకియ్యి. ఒక్క వానాకాలం అది మీ గుడికాడే నిలబడాల. ఒక్క పొక్కు లేచినా నాను మీతోపాటు సముద్రానికి వస్తాను. వచ్చి, ఇంటికెళ్ళి నా మొగుడి కొలిమి నా సేతుల్తోనే పూడ్చీస్తాను. ఇది పోలిరాజుకి సెప్పు, మీ కాలనీ అందరికీ సెప్పు."

ఆ మాటతోనే అమావాస్య ప్రయాణం ఆగింది. కొలిమి పూడ్చేస్తానందంటే ఆమె ఆషామాషీగా అనలేదని పోలిరాజుకీ అర్థమైంది.

ఇంక మొదలైంది అసలు యాతన. పని కష్టమని కాదు, పని చెయ్యకుండా ఉండటం కష్టం. కృపాకర్ చెప్పిన ప్రకారం వెదురు పుల్ల, సూది, తడిపిన కుంచె, వీటితోనే మట్టి తియ్యాలి. పచ్చపొర తగిలిందంటే ఆగిపోవాలి. బరబరా రాసే చేతికి ఆగడమంటే ఏమిటో తెలియదు. మొదటి రోజుల్లో పుల్ల విసిరికొట్టి, "ఇదేటి పని, సీమకి తలదువ్వినట్టు!" అని అరిచేది. మళ్ళీ తనే ఏరుకొచ్చుకునేది. మట్టి పోయాక హంసకి కళ్ళు కనబడ్డాయి, రెక్కమీద ఈకల గీతలు కనబడ్డాయి. మొదటి సెమ్మెకి ఆ గీతలున్నట్టు ఆమెకి గుర్తే లేదు. ఉండే ఉంటాయి, ఇటికపొడితో పాటు పోయి ఉంటాయి. అది తట్టిన రోజు అన్నం సయించలేదు ఆమెకి.

తరవాత లోపలి ఉప్పు బయటికి వచ్చేదాకా నానబెట్టడం. చాకలిసోడా, వంటసోడా సమంగా కలిపిన నీళ్ళ తొట్టిలో సెమ్మెను ముంచి ఉంచాలి, వారం వారం నీళ్ళు మార్చాలి. కుళాయి నీళ్ళు పనికిరావు, అందులోనూ ఉప్పుంటుంది. బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటరే కావాలి. ఈ మాట వినగానే పోతమ్మ ఎగిరి గంతేసింది. "మా పోలిరాజు ఇప్పుడు ఆటోనగర్‌లో లారీ బ్యాటరీల షెడ్డులోనే గదా సేస్తన్నాడు!" ఆ విధంగా సముద్రంలో పారేద్దామన్న మనిషే వారం వారం సైకిలుకి క్యాన్లు కట్టుకుని రావాల్సొచ్చింది. వచ్చినప్పుడల్లా తొట్టిలోకి తొంగిచూసి పెదవి విరిచేవాడు.

"ఇంకా నల్లగానే ఉన్నాదేటి?"

"నల్లగానే ఉంటాది. నువ్వు తెల్లగున్నావేటి?" అనేది రసూల్ బీ. "మూతి అలాగెట్టకు, ఆ క్యాను ఇటు దించు."

నీళ్ళు మార్చినప్పుడల్లా పాతనీళ్ళు కొంచెం సీసాలో పట్టి కృపాకర్ దగ్గరికి తీసుకెళ్ళేవాళ్ళు. ఆయన అందులో ఏవో రెండు మందులు వేసేవాడు. ఉప్పుంటే నీళ్ళు పాలలా తెల్లబడతాయి. దసరాకి పాలలాగే ఉంది. క్రిస్మస్‌కి మజ్జిగతేటలా ఉంది. సంకురాత్రి వెళ్ళింది, శివరాత్రి వెళ్ళింది. రసూల్ బీ తొట్టి ముందు కూర్చుని దాన్ని మనిషిని తిట్టినట్టే తిట్టేది. "ఎంత తిన్నావే ఉప్పు? మొగుడి ఇంట్లో కూడా ఇంత తినరు గదే! కక్కు, కక్కు!" ఇరుగుపొరుగు పిచ్చెక్కిందనుకున్నారు. ఆ ఏడాది మరిడమ్మ పండగ మట్టి ప్రమిదలతోనే జరిగిపోయింది.

ఎండలు ముదిరాక ఒకరోజు కృపాకర్ సీసా పైకెత్తి చూపించాడు. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. "ఇంకోపాలి సూడు బాబూ" అంది రసూల్ బీ. ఆయన మళ్ళీ పరీక్ష చేశాడు, మళ్ళీ అంతే.

చివరి పని మైనం పూయడం. సెమ్మెను పూర్తిగా ఆరబెట్టి, సన్నటి సెగమీద గోరువెచ్చన చేసి, తేనెమైనం పలచగా పట్టించాలి. ఎక్కడా మందం కాకూడదు, ఎక్కడా వదిలిపోకూడదు. ఎలా పూస్తారో చూపిద్దామని కృపాకర్ దూది తీసుకుని కూర్చున్నాడు కానీ, నిప్పు ముందు ఆయన చెయ్యి తడబడింది.

"లెగు బాబూ, లెగు" అంది రసూల్ బీ.

కొలిమిలో బొగ్గులు విడదీసి సెగ తగ్గించింది. సెమ్మెను తిప్పుతూ వేడెక్కించింది, చెంపకి దగ్గరగా పెట్టి వేడి చూసుకుంది. మైనం ముక్క తాకించి, దూది ఉండతో గిర్రున ఒక చుట్టు చుట్టింది. అది ఖాదర్ చెయ్యి తిరిగే తీరు. తగరం బదులు మైనం, అంతే తేడా. ఇన్నేళ్ళు తోమడంలో పడి ఆ చుట్టుడే మరిచిపోయాననుకుంది, చెయ్యి మరవలేదు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "పొగ" అంది, ఎవరూ అడక్కుండానే. బొగ్గుల్లోంచి పొగే రావడం లేదు.

సెమ్మె కాలనీకి వెళ్ళింది. రేకుల కప్పు గుడిలో, అమ్మవారి ఎదురుగా నిలబెట్టారు. సెమ్మె మీది గిన్నెలో నూనె పోయవద్దని, అందులో మట్టి ప్రమిద పెట్టి వెలిగించమని, తడిచేత్తో ముట్టుకోవద్దని రసూల్ బీ గుక్క తిప్పుకోకుండా చెప్పింది. డబ్బాలో పెట్టి మూత వేద్దామని పోతమ్మ అంటే ఒంటికాలి మీద లేచింది. "దాసిపెడితే అది పరీచ్చ అవుతాదేటి? గాలిలోనే ఉండనీ. వాన రానీ, సముద్రపు గాలి రానీ, అన్నీ రానీ."

అన్నీ వచ్చాయి. ఆ ఏడాది వానలూ కురిశాయి, దీపావళి ముందు తుఫానూ పట్టింది. రెండ్రోజులు బస్సులు లేవు. మూడోనాడు బస్సు కదలగానే రసూల్ బీ గాజువాక వెళ్ళింది. కాలనీలో మోకాలు లోతు బురద. గుడిమీద రేకు ఒకటి ఎగిరిపోయింది. సెమ్మెమీద రెండు రాత్రులు ఉప్పువాన పడింది. ఆమె గుమ్మంలోనే నిలబడిపోయింది.

పోలిరాజు సెమ్మెను ఎత్తి పొడిగుడ్డతో తుడిచి వెలుతురులోకి తెచ్చాడు. నీళ్ళు ముత్యాల్లా జారిపోయాయి. నల్లపచ్చటి ఒళ్ళు, హంస కళ్ళు, ఈకల గీతలు. ఎక్కడా ఒక్క పొక్కు లేదు. ఎండ వచ్చాక చూశారు, పక్షం తరవాత చూశారు, లేదు.

"నీ కొలిమి నీకుండిపోనాదమ్మా" అన్నాడు పోలిరాజు.

"ఉండదేటి? అది నా మొగుడిది. సముద్రానికిద్దామనుకున్నావేటి?" అంది రసూల్ బీ. ఆ రోజు కాలనీ అంతా తిరిగి తిరిగి, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఉప్పు గురించి పాఠం చెప్పింది.

ఇంతటితో అయిపోయుంటే బాగుండేది. ఉగాది వెళ్ళాక పండగొచ్చింది. పండగ ముందురోజు పొద్దున్న పోతమ్మ ఉరుకులు పరుగులతో వన్ టౌన్ వచ్చింది. ఊరి ఆచారమొకటి ఉంది. పండగకి ముందు, ఆ ఏడాది ఊరికి కాపురానికొచ్చిన కొత్తకోడళ్ళు అమ్మవారి దీపాన్ని చింతపండుతో తోమాలి. ఆ చెయ్యి పడితేనే వాళ్ళు ఆ ఊరివాళ్ళు అయినట్టు. సెమ్మెలు పాతిపెట్టాక ఆ ఆచారం ఆగిపోయింది. ఇప్పుడు దీపం తిరిగొచ్చింది కదా, ముసలమ్మలు పట్టుబట్టారు. కోడళ్ళు చింతపండు నానబెట్టేశారు.

"సెప్పినాను అక్కా, ఎవులూ ఇంటం లేదు. ఊరు పోనాది, ఆచారం కూడా పోవాలేటి అంటన్నారు. నాను కూడా ఆ దీపం తోమే కోడల్ని కాలేకపోనాను. ఆలకి ఏటని సెప్తాను?" అంది పోతమ్మ.

చింతపండు తగిలితే మైనం పోతుంది, పచ్చపొర పోతుంది, వచ్చే వానకి పొక్కులు. రసూల్ బీ చెప్పులేసుకుంది. తిట్టడానికే బయల్దేరింది. గుమ్మం దాకా వెళ్ళింది, ఆగింది. ఆచారాన్ని తిట్టి ఆపలేం, అంతమాత్రం ఆమెకి తెలుసు. తోమకుండా ఉండటం ఎంత కష్టమో కూడా తెలుసు. ఆ చేతులకి తోమడానికి ఏదో ఒకటి కావాలి.

వెనక్కి తిరిగి చూసింది. గోడకి ఆనించి తాంబాళం ఉంది. దాని అంచుమీద చుక్కలమీద ఒకసారి వేలు పెట్టి తడిమింది. నాలుగు అక్షరాలూ పైకి చదువుకుంది. పాతచీరలో మూటకట్టి చంకన పెట్టుకుంది.

"అక్కా, అది మీ ఆయన..." అంది పోతమ్మ.

"నడు, బస్సెల్లిపోతాది."

కాలనీలో గుడి ముందు ఐదారుగురు కోడళ్ళు చింతపండు గిన్నెల చుట్టూ కూర్చుని ఉన్నారు. వాళ్ళ వెనక ముసలమ్మలు యుద్ధానికి సిద్ధంగా ఉన్నారు. రసూల్ బీ ఎవరితోనూ వాదించలేదు. మూట విప్పి తాంబాళం వాళ్ళ మధ్య పెట్టింది.

"ఇన్నాళ్ళూ మీ దీపం మట్టిమీద నిలబడినాది. అమ్మోరి దీపం కింద పళ్ళెం నేకపోతే బాగుంటాదేటి? ఇదిగో, ఇది తోమండి. దీపానికి ముసలితనం వచ్చినాది, దాన్ని తోమితే సచ్చిపోతాది. ఇది ఎంత తోమితే అంత మంచిది. కుమ్మీండి!"

ముసలమ్మలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. అందరికంటే పెద్దావిడ తాంబాళం చేత్తో ఎత్తి బరువు చూసింది, వేలితో కొట్టి మోత విన్నది. "బాగున్నాదే, గట్టిది" అంది. అంతే. కోడళ్ళు మీదపడ్డారు. చింతపండు చుక్కలమీద పడి బరబరా రాసుకుంటూంటే రసూల్ బీ తల పక్కకి తిప్పుకుంది. సాయంత్రం తళతళలాడే ఆ తాంబాళంలో నల్లటి సెమ్మెను నిలబెట్టి ప్రమిద వెలిగించారు. వెలుగు పళ్ళెం మీద పడి పైకి లేచి అమ్మవారి మొహం దాకా వెళ్ళింది. మొదటి పండగ కన్నా ఇదే బాగుందన్నాడు పోలిరాజు. మూతి విరవలేదు.

ఆ తరవాత పాత కంచు ఏది దొరికినా జనం రసూల్ బీ దగ్గరికే తెచ్చేవారు. కృపాకర్ కూడా పంపేవాడు. ఆమె అన్నిటికంటే ముందు, "మట్టిలోదా, ఇంట్లోదా?" అని అడిగేది. ఇంట్లోదైతే తోమేది. మట్టిలోదైతే తెచ్చినవాళ్ళ చేతిలో వెదురుపుల్ల పెట్టి, "కూకో, నెలలు పడతాది" అనేది. ఏటా పండగ ముందురోజు మాత్రం దుకాణం కట్టేసి గాజువాక వెళ్ళేది.

ఎనభైల చివర్లో, వచ్చిన కోడళ్ళ లెక్కే తెలియనంతమంది వచ్చాక, ఒక పండగకి ఆమె తాంబాళం అంచుని దగ్గరగా పెట్టుకుని చూసింది. కళ్ళజోడు పెట్టుకుని చూసింది. వేలితో తడిమింది. మొదటి అక్షరంలో రెండు చుక్కలు ఉన్నాయేమో, అంతే. మిగతాది నున్నగా అరిగిపోయింది.

"ఓలమ్మో! తోమి తోమి నా పేరు తినీసినారే!" అంది. నవ్వుతూనే అంది, వేలు మాత్రం ఆ అంచు మీంచి తియ్యలేదు. లోకంలో ఆమెకి చదవడం వచ్చిన అక్షరాలు అవి నాలుగే కదా.

పోతమ్మ పక్కన కూర్చుంది. "పేరు ఎక్కడికి పోతాదక్కా?" అంది. చింతపండు పిసుకుతున్న కొత్తకోడల్ని పిలిచింది. ఆ పిల్ల కిందటి నెలలోనే కాపురానికొచ్చింది, రసూల్ బీని ఎప్పుడూ చూడలేదు. "ఏటే అమ్మాయ్, ఈ పళ్ళేన్నేటంటారు?"

"రసూలమ్మ పళ్ళెం" అంది ఆ పిల్ల, అదేం ప్రశ్న అన్నట్టు చూసి. "దీన్ని తోమితేనే మాం ఈ ఊరోళ్ళం అయినట్టంట. మా అత్త సెప్పినాది."

రసూల్ బీ జాకెట్టు చేతులు పైకి తోసుకుని, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, ఆ కోడళ్ళ మధ్య చోటు చేసుకుని చతికిలబడింది.

"ఏదీ, ఆ సింతపండు ఇటియ్యి" అంది. "నా సెయ్యి కూడా పడనీ."